మావారి మందు

పురుషులకు మాత్రమే వచ్చు వ్యాధినిగూర్చి స్త్రీల పత్రికలో వ్రాయుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని ప్రోస్టేటు గ్రంథికి కేన్సరు సోకిన యింట మందువేళలు జ్ఞాపకముంచుకొనునది, ఆస్పత్రికి వెంట పోవునది, రాత్రులు మేల్కొనునది సాధారణముగా ఇల్లాలే. ఆ మందు లోపల ఏమిచేయునో ఆమెకు తెలిసియుండవలెనని నా యభిప్రాయము. బాపులపాడులో మావారికి ఈ వ్యాధి యెముకలకు ప్రాకినదని తెలిసి 3 ఏండ్లయినది.

ఈ గ్రంథి మూత్రాశయమునకు దిగువ నుండును. దానిలోని కణములు పురుష హార్మోనగు టెస్టోస్టిరోను వలన పెరుగును. ఆ హార్మోను కొఱకు కణములోపల రిసెప్టరు అను నొక ప్రోటీను కాచుకొనియుండును. తాళములో చెవి యిమిడినట్లు హార్మోను అందులో ఇముడగనే, రెండును కలిసి కణకేంద్రమునకు పోయి పెరుగుమని ఆజ్ఞ యిచ్చును. కేన్సరు కణమును ఈ ఆజ్ఞకే లోబడును. వృషణములను తీసివేసినచో ఈ కేన్సరు క్రుంగునని 1941లో చికాగోలో చార్లెస్ హగ్గిన్సు అను వైద్యుడు చూపెను. 1966లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది.

ఇప్పుడు ఇంజెక్షనుతోను ఆ హార్మోనును ఆపవచ్చును. విజయవాడలో డాక్టరుగారు రెండు దారులును చెప్పిరి. ఆపరేషను ఒక్కసారితో పోవును, ఖర్చు తక్కువ. మావారు మాటాడక గోడవైపు చూచుచుండిరి. మూడు నెలల కొకసారి ఇంజెక్షనే కానిండని నేను చెప్పితిని.

మావారికి సంగతి బోధపడినది డాక్టరుగారు గీసిన పటమువలన కాదు, మా మామిడితోటవలన. నూజివీడు ప్రాంతపు రైతులకు కల్టారు మందు తెలియనిది కాదు. చెట్టు మొదట పోసినచో, కొమ్మలను సాగదీయు జిబ్బరెల్లిను అను హార్మోను తయారగుట తగ్గి, చెట్టు చిగురు పెట్టుట మాని పూతకు వచ్చును. "మనము చెట్టుకు చేసినదే డాక్టరు నాకు చేయుచున్నాడన్నమాట" అని నవ్విరి. వ్యాధి బయటపడిన తరువాత ఆయన నవ్వుట అదియే మొదలు.

పోలిక అంతవఱకే. పూతకు బదులు మాకు సెగలు వచ్చినవి. నాలుగవ నెలలో ఒకరాత్రి బనీను తడిసి, లేచి కూర్చుండి, "నాకేమో అగుచున్నది" అనిరి. నాకు తెలియనిదా! 49వ యేట ముట్లు నిలిచినప్పుడు నేను రెండేండ్లు ఆ సెగలనే పడితిని. హార్మోను తగ్గినచో శరీరము ఇట్లే మండునని, స్త్రీకైనను పురుషునకైనను కారణ మిదియేయని చెప్పితిని. ఆయన చాలసేపు నావంక చూచి, "అప్పుడు నీవు నాతో చెప్పలేదే" అనిరి. చెప్పితిని, అవి మామిడి కోతల రోజులు.

తరువాత కండ తగ్గినది, పొట్ట పెరిగినది, రొమ్ములు కొంచెము ఉబ్బినవి. ఒకనాడు, "ఇక ఇంజెక్షను వద్దు, మగవాడిగానే పోయెదను" అని కూర్చుండిరి. నాకు ఏడుపు రాలేదు, కోపము వచ్చినది. "మానినచో వెన్నుపూస విఱిగి మంచమున పడుదురు, ఆ మంచముకడ నిలువవలసినదానను నేను" అంటిని. మఱునాడు జంక్షనులో నాకంటె ముందుగా బస్సెక్కిరి. ఈ మందు ఎముకలను పలుచన చేయును గనుక కాల్షియము, డి విటమినులతోపాటు ప్రతిదినము నడక తప్పనిసరి చేసితిని.

డాక్టరుగారు మఱియొకటి అడిగిరి: మీ వంశములో స్త్రీల కెవరికైన రొమ్ము కేన్సరు కలదా? బ్రాకా-2 అను జన్యువులో దోషమున్న కుటుంబములలో పురుషులకు ఇదియు, స్త్రీలకు అదియు వచ్చు భయ మెక్కువ. మా ఆడపడుచు ఆ వ్యాధితోనే పోయినది. మావారికి రక్తపరీక్షలో ఆ దోషము లేదని తేలువఱకు మా అమ్మాయిలకు నిద్రలేదు.

ఈ యేడు పి.ఎస్.ఏ. అంకె మరల పెరిగినది. కేన్సరు కణములు మొండివి. హార్మోను కొఱవడినకొలది అవి రిసెప్టర్లను ఎక్కువ చేసికొనును, కొంత హార్మోనును తామే తయారుచేసికొనును. అబిరటిరోను మాత్ర ఆ తయారీని శరీరములో ఎక్కడ జరిగినను అడ్డగించును. ఎంజలూటమైడు అను నింకొకటి రిసెప్టరునే మూసివేయును. మాకు మొదటిది, దానితో ప్రెడ్నిసోలోనును వ్రాసిరి. అబిరటిరోనును పరగడుపున మ్రింగి గంటవఱకు ఏమియు తినరాదు. ఆ గంటయు ఆయన కాఫీ కొఱకు గడియారము చూచుచుందురు. నేనును నా కాఫీని అప్పటివఱకు కలుపుకొనుట మానితిని.