ఫిల్టరేగా, సాఫ్ట్‌వేర్‌లో చేసేయొచ్చు!

మన సాఫ్ట్‌వేర్ జనాభాకి ఒక జబ్బుంది. ఎవరైనా ఏదో పెట్టె చూపించి "దీని రేటు ఇంత" అంటే చాలు, "దీనికంత డబ్బెందుకు దండగ, అదంతా సాఫ్ట్‌వేర్‌లో చేసేయొచ్చు" అనేస్తాం. నాకూ ఉంది ఆ జబ్బు. దానివల్ల మా తమ్ముడికి జరిగిన నష్టం గురించే ఈ సోదంతా.

తమ్ముడంటే చిన్నాన్న కొడుకు. కరీంనగర్‌లో పెళ్ళిళ్ళకి డీజే. హైదరాబాద్‌లో మూతపడ్డ ఓ పబ్బు వాళ్ళ దగ్గర అలెన్ అండ్ హీత్ వాళ్ళ జోన్:92 మిక్సర్ సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నాడు. ఆ మిక్సర్‌కి పేరొచ్చిందే దాన్లో ఉన్న రెండు అనలాగ్ ఫిల్టర్ల వల్ల. 2019 వేసవిలో ఫోన్ చేశాడు. "అన్నా, మిక్సర్ మంచి రేటుకి అడుగుతున్నరు. ఇది అమ్మి లాప్‌టాపూ కంట్రోలరూ పెట్టుకుందామనుకుంటున్న. ఫిల్టర్ ఒక్కటే డౌటు. ఏమంటవ్?"

ఫిల్టర్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. ఫంక్షన్ హాలు బయట పార్కింగ్‌లో నించుంటే లోపలి పాట ఎలా వినిపిస్తుంది? దబ్ దబ్ అని బేస్ తప్ప మాట వినపడదు. గోడ లో-పాస్ ఫిల్టర్ పని చేస్తోందన్నమాట. ఎవరో తలుపు తియ్యగానే పాటంతా ఒక్కసారి మీద పడుతుంది. డీజే నాబ్ తిప్పి చేసేది ఇదే, తలుపు వేసి తియ్యడం. సరైన బీట్ మీద తీస్తే జనం ఎగురుతారు.

నేను ఊరికే సలహా ఇవ్వలేదు సుమండీ. పెద్ద రీసెర్చే చేశా. ఒకటి, అందరూ 'హార్డ్‌వేర్ ఫిల్టర్' అని మురిసిపోయేవన్నీ అనలాగ్ కావు. 2006లో వచ్చిన పయొనీర్ డీజేఎం-800 డిజిటల్ మిక్సర్. దాని ఫిల్టర్ కూడా లోపల చిప్‌లో నడిచే కోడే, పైన డబ్బా ఉందంతే. రెండు, ట్రాక్టర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో జోన్:92 ఫిల్టర్‌ని అనుకరించే ఎఫెక్టే ఉంది. మూడు, ఆలస్యం. 44,100 శాంప్లింగ్ రేటు దగ్గర 256 శాంపిళ్ళ బఫర్ పెడితే ఆరు మిల్లీసెకన్ల లోపే. నాలుగు, మామూలు మిడి నాబ్ పంపేది 0 నించి 127 దాకా, అంటే 128 మెట్లు. మనిషి చెవికి వినిపించే మేర సుమారు పది ఆక్టేవులు, కాబట్టి ఒక్కో మెట్టూ దాదాపు ఒక స్వరస్థానమంత. వింటే కరకరమనాలి, కానీ సాఫ్ట్‌వేర్ మధ్యలో నునుపు చేసేస్తుంది.

ఇవి చాలవని ఓ ఆదివారం మావాడు మిక్సర్ పట్టుకొస్తే, ఒకే పాటని రెండిట్లోంచీ రికార్డు చేసి, సౌండు సమానం చేసి, ఏది ఏదో చెప్పకుండా వాడికే వినిపించా. పదిసార్లలో ఆరుసార్లు సరిగ్గా చెప్పాడు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. రెజొనెన్స్ బాగా పెంచి ఈల వేయించినప్పుడు మాత్రం టక్కున పట్టేశాడు. "పెళ్ళిలో అంత ఎవడు పెంచుతాడ్రా" అని నేనే కొట్టిపారేశా. వాడు మిక్సర్ అమ్మేశాడు.

నవంబరులో ఓ పెళ్ళి. నేనూ వెళ్ళా, నా సలహా ఎలా పనిచేస్తోందో చూసుకుందామని :)

వాడి కంట్రోలర్ మీద నాబ్‌లు రెండు డెక్కులకి సరిపడా ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌లో డెక్కులు నాలుగు. ఒక బటన్ నొక్కితే అవే నాబ్‌లు మూడో డెక్కుకి పనిచేస్తాయి. వాడు మూడో డెక్కు ఫిల్టర్ మూసి ఉంచి, మొదటి డెక్కుకి వెళ్ళి, నాబ్ మధ్యకి తెచ్చి, మళ్ళీ మూడోదానికి వచ్చాడు. కంటికి నాబ్ మధ్యలో ఉంది, అంటే ఫిల్టర్ లేనట్టు. సాఫ్ట్‌వేర్ లెక్కలో మాత్రం ఇంకా మూసే ఉంది. పెళ్ళికొడుకు ఫ్రెండ్స్ చేతులు పైకెత్తి ఎదురుచూస్తున్న పాట, పార్కింగ్‌లో విన్నట్టు దబ్ దబ్‌మంటూ మొదలైంది. కంగారులో నాబ్ కుడికి తిప్పాడు. కదల్లేదు. సౌండు ఒక్కసారి ఎగిరిపడకుండా, పాత విలువ ఉన్న చోటికి నాబ్ చేరేదాకా సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టించుకోదు. ఆ చోటు ఎడమ చివర ఉంది. దొరికేసరికి ఏడెనిమిది సెకన్లు. జనం "ఓయ్" అని అరిచారు, ఎత్తిన చేతులు దిగిపోయాయి. అదే చుట్టాలింట్లో తర్వాతి పెళ్ళి మావాడికి రావాల్సింది, వేరేవాళ్ళకి వెళ్ళింది.

మన భాషలో చెప్పాలంటే ఇది స్టేట్ సింక్ సమస్య. ఒకే విలువకి రెండు కాపీలు, ఒకటి నాబ్‌లో, ఒకటి మెమరీలో. రెండూ విడిపోయాయి. ఆఫీసులో ఇలాంటి డిజైన్ ఎవరైనా తెస్తే రివ్యూలో నేనే చీల్చి చెండాడేవాణ్ణి. ఆ పాత మిక్సర్‌లో ఈ బగ్ రాదు. ఫిల్టర్ విలువ ఇంకెక్కడా ఉండదు, నాబ్ ఎక్కడుంటే అదే విలువ. చీకట్లో వేలితో తడిమినా తెలుస్తుంది.

నేను కొలవగలిగినవన్నీ కొలిచా. సౌండు, ఆలస్యం, మెట్లు. అన్నిట్లోనూ సాఫ్ట్‌వేర్ పాసయింది. నేను పోల్చింది రెండు ఆడియో ఫైళ్ళని. పోల్చాల్సింది రాత్రి పదకొండింటికి, గోలలో, తెర వంక చూసే తీరిక లేని ఒక మనిషి చేతిని. రెండే డెక్కులు వాడితే ఈ గొడవ లేదు, ఒప్పుకుంటా. కానీ ఆ సంగతి నేనెక్కడ అడిగాను వాణ్ణి?

వాడు నన్నొక్క మాట అనలేదు. "నేను చూస్కోవాల్సిందన్నా" అన్నాడు. తిట్టినా బాగుండేది. తర్వాత ఓ పాత మిక్సర్ వెతికి కొన్నాం, సగం డబ్బు నేనే పెట్టా. ఇప్పుడు పాటలు లాప్‌టాప్ నించే వస్తాయి, చెయ్యి మాత్రం మిక్సర్ మీద ఉంటుంది.

ఇప్పుడు కూడా నా నోటికి "అదంతా సాఫ్ట్‌వేర్‌లో చేసేయొచ్చు" అని వస్తూనే ఉంటుంది. కాకపోతే, అనే ముందు "నువ్వు దీన్ని ఎలా వాడతావో ఒకసారి చూపించు" అని అడుగుతున్నా. మీరూ అడిగి చూడండి, పోయేదేముంది.