బడి గంట, జుమా వేళ

ఆత్మకూరులో ఫజ్ర్ నమాజు ముగిసిన కొద్దిసేపటికే మా మక్తబ్ మొదలవుతుంది. పిల్లలు నిద్రమత్తు కళ్ళతో వచ్చి, రిహల్ మీద ఖాయిదా తెరిచి, ఒకరి గొంతులో ఒకరు గొంతు కలిపి సబఖ్ చదువుతారు. ఏడు దాటగానే వీధి చివర పసుపుపచ్చ బస్సు హారన్ వినిపిస్తుంది. సబఖ్ సగంలో ఉన్నా సరే, పిల్లలు లేచి పరుగెడతారు. మళ్ళీ వారు ఇల్లు చేరేది అస్ర్ దాటిన తరువాతే. ఆపైన ట్యూషన్. ఇదీ మా పట్టణంలో ఒక ముస్లిం బాలుని దినచర్య.

చాలా ఏళ్ళుగా ఈ దినచర్యను చూసి మేము తల్లిదండ్రులనే తప్పుపడుతూ వచ్చాము. మింబర్ మీద నిలబడి, "దునియా చదువు మీద ఉన్న శ్రద్ధ దీన్ చదువు మీద లేదు" అని ఎన్ని శుక్రవారాలు అన్నామో లెక్కలేదు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కాని ఒక బాలుడు అడిగిన చిన్న ప్రశ్న మా ఆలోచనను మరో దారి పట్టించింది.

ఆ బాలునికి పదకొండేళ్ళు. పశ్చిమ నెల్లూరు పల్లెల నుండి, పట్టణాల నుండి ఎందరో బ్రతుకుతెరువు కోసం గల్ఫ్ దేశాలకు వెళ్ళినట్లే అతని తండ్రీ కువైట్‌లో పనిచేస్తున్నాడు. కుటుంబం కొన్నేళ్ళు అక్కడే ఉండి, ఖర్చు భరించలేక తిరిగి వచ్చింది. తండ్రి అక్కడే ఉండిపోయాడు. పిల్లవాణ్ణి ఇక్కడ ఒక ప్రైవేటు పాఠశాలలో చేర్పించారు. చేరిన మూడవ వారంలో అతడు మక్తబ్‌లో మా పక్కకు జరిగి మెల్లగా అడిగాడు.

"హజ్రత్, ఇక్కడ పిల్లలకు జుమా లేదా?"

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. జుమా ఉంది. అయితే అది మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు. ఆ వేళకు పిల్లలు తరగతి గదిలో లెక్కలు చేస్తూ ఉంటారు.

ఆనాటి నుండి గల్ఫ్ నుండి సెలవు మీద వచ్చిన ప్రతి ఒక్కరినీ అక్కడి బడి వేళల గురించి అడగడం మాకు అలవాటైంది. కువైట్‌లో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. బడి ఉదయం ఏడింటి ప్రాంతంలో మొదలై మధ్యాహ్నానికే ముగుస్తుంది. ఎండ ముదిరేసరికి పిల్లలు ఇంట్లో ఉంటారు. అక్కడి భారతీయ పాఠశాలలకు విద్యా సంవత్సరం మన జూన్‌లో కాక ఏప్రిల్‌లోనే మొదలవుతుంది. రమజాన్ మాసంలో బడి గంటలు తగ్గిస్తారు. శుక్రవారం తండ్రి వేలు పట్టుకొని మస్జిదుకు వెళ్ళిన పిల్లవానికి, ఆ రోజే బడి బ్యాగు భుజాన వేసుకోవలసి రావడం వింతగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

అయితే విచారించే కొద్దీ మరొక సంగతి తెలిసింది. ముస్లిం దేశాలన్నింటిలోనూ శుక్రవారం సెలవు లేదు. ఉన్నచోట కూడా ఎల్లకాలం ఒకే తీరున లేదు. సౌదీ అరేబియాలో 2013 వరకు గురు, శుక్రవారాలు సెలవు. ఆ ఏడాది నుండి శుక్ర, శనివారాలకు మార్చారు. ఎమిరేట్స్‌లో 2022 జనవరి 1 నుండి శని, ఆదివారాలను సెలవుగా చేసి, శుక్రవారం సగం పూట పని పెట్టారు. జుమా వేళను దేశమంతటా ఒకటిగా మధ్యాహ్నం 1:15కు నిర్ణయించారు. 2026 జనవరిలో ఆ వేళను 12:45కు ముందుకు జరిపారు. తుర్కీ 1924లో శుక్రవారాన్ని వారపు సెలవుగా చట్టం చేసి, 1935లో ఆదివారానికి మారింది. పాకిస్తాన్‌లో 1977 నుండి 1997 వరకు శుక్రవారం సెలవు, తరువాత ఆదివారం. మలేషియాలోని జొహోర్ రాష్ట్రం 2014లో శుక్ర, శనివారాల సెలవుకు వెళ్ళి, 2025లో మళ్ళీ శని, ఆదివారాలకు తిరిగివచ్చింది. అదే దేశంలోని కెలాంతన్, తెరెంగాను రాష్ట్రాలు శుక్రవారం సెలవునే పాటిస్తున్నాయి.

ఇన్ని మార్పులలోనూ మారనిది ఒక్కటే. అది జుమా నమాజు. దివ్య ఖుర్ఆన్‌లోని జుమా సూరాను శ్రద్ధగా చదివినవారికి ఇది కొత్త విషయం కాదు. నమాజు పిలుపు వినగానే వ్యాపారం వదలి రమ్మన్న అల్లాహ్, నమాజు ముగిసిన తరువాత భూమిపై విస్తరించి తన అనుగ్రహాన్ని అన్వేషించమని అదే చోట సెలవిచ్చాడు. అంటే శుక్రవారం రోజంతా పని మానడం విధి కాదు. ఆ ఒక్క వేళను కాపాడుకోవడమే విధి. మేము చదువుకున్న మదరసాలో విద్యా సంవత్సరం షవ్వాల్‌లో మొదలై షాబాన్‌లో ముగిసేది, వారపు సెలవు శుక్రవారం. ఆ ఏర్పాటును చూసి చూసి, అదే దీన్ అనుకునే అలవాటు మాబోటి వారికి పడింది.

బడి వేళలు కూడా ఆకాశం నుండి దిగినవి కావు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, నెల్లూరుతో సహా అన్ని జిల్లాల కలెక్టర్లను తమ తమ ప్రాంతాల బడుల వివరాలు పంపమని ఆదేశించాడు. మరుసటి ఏడు బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ పంపిన నివేదికలో, వీధిబడులు ఉదయం ఆరు గంటలకే మొదలయ్యేవని ఉంది. అందరికంటే ముందు వచ్చిన పిల్లవానికి అరచేతిలో గౌరవ చిహ్నం రాసేవారట. నేడు మన రాష్ట్రంలో ప్రభుత్వ పాఠశాల తొమ్మిదికి మొదలవుతుంది, ఎండాకాలంలో ఒంటిపూట బడి అవుతుంది. మనుషులు తమ అవసరాన్నిబట్టి పెట్టుకున్న వేళలను మనుషులే మార్చుకుంటూ వచ్చారు.

ఇదంతా తెలిసినా ఆత్మకూరులో ఏం చేయాలో మాకు తోచలేదు. ఆ రోజుల్లోనే ఒక పని మీద ఉదయగిరి వెళ్ళవలసి వచ్చింది. బస్సు పడమటి కొండల వైపు సాగుతుంటే మెట్ట పొలాలు, చిట్టడవులు, ఆపైన దూరంగా దుర్గం కొండ కనిపించాయి. గజపతుల చేతి నుండి 1514లో కృష్ణదేవరాయలు గెలుచుకున్న కోట అది. తరువాత గోల్కొండ సుల్తానుల ఏలుబడిలోకి వచ్చింది. కొండ మీద నేటికీ పాత మస్జిదులు నిలిచి ఉన్నాయి. పాలకులు మారారు, కోట శిథిలమైంది. కొండ కింద ఊరిలో అజాన్ మాత్రం అయిదు పూటలా వినిపిస్తూనే ఉంది.

ఉదయగిరి కొయ్య గరిటెలు, చెంచాలు పేరెన్నికగన్నవి. భౌగోళిక గుర్తింపు కూడా పొందాయి. ఆ పనిలో ముస్లిం కుటుంబాలు, ముఖ్యంగా స్త్రీలు ఎందరో ఉన్నారు. మేము వెళ్ళిన ఇంటి వసారాలో ఒక పెద్దావిడ గరిటె పిడికి నగిషీ చెక్కుతూ, పక్కన కూర్చున్న మనుమరాలి సబఖ్ వింటూ ఉంది. ఎక్కడైనా తప్పు దొర్లితే చేతిలోని ఉలి ఆగేది. పిల్ల సరిదిద్దుకోగానే మళ్ళీ కదిలేది.

అక్కడి మస్జిదు ఇమామ్ సాహెబ్ మాకంటే పెద్దవారు. వారి మక్తబ్ మగ్రిబ్ తరువాత నడుస్తోంది. ఉదయం ఎందుకు మానారని అడిగాము.

"పొద్దున తల్లులకు ఇంటి పని, చేతి పని. పిల్లలను తయారుచేసి పంపలేకపోయారు. రెండు నెలలు కోప్పడ్డాను. మూడో నెల వేళ మార్చాను," అన్నారు ఆయన నవ్వుతూ.

ఆత్మకూరు పిల్లల జుమా సంగతి చెప్పాము. ఆయన గోడ మీది నమాజు వేళల పట్టికను చూపించారు.

"మౌలానా, జవాల్ అల్లాహ్ పెట్టిన వేళ. దాన్ని మనం ఒక్క నిమిషం జరపలేము. ఒంటిగంటన్నర కమిటీ పెట్టిన వేళ. దాన్ని జరపకూడదని ఎవరన్నారు?"

తిరుగు బస్సులో ఆ మాటే మా చెవిలో మ్రోగింది. ఇంటికి వచ్చి పట్టిక ముందు వేసుకొని కూర్చున్నాము. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని అనుసరించి నడుస్తుంది. మా ప్రాంతం దానికి పడమరగా, 79.6 డిగ్రీల దగ్గర ఉంది. అందువల్ల మాకు సూర్యుడు నడినెత్తి దాటడం గడియారపు పన్నెండు కంటే సగటున పన్నెండు నిమిషాలు ఆలస్యం. నవంబరు మొదట్లో అది 11:55 ప్రాంతంలో, ఫిబ్రవరి మధ్యలో 12:26 ప్రాంతంలో ఉంటుంది. ఏడాదిలో ఏ రోజైనా 12:40కి జుమా వేళ ప్రవేశించే ఉంటుందన్నమాట. ఇన్నేళ్ళు జంత్రీ గోడకు వేలాడుతూనే ఉంది. మేమే ఆ కన్నుతో చూడలేదు.

మరునాడు ఆ బాలుడు చదివే పాఠశాలకు వెళ్ళాము. ప్రధానోపాధ్యాయులు హిందూ సోదరులు, మర్యాదస్తులు. శుక్రవారం పిల్లలను ఒక గంట ముందు వదలమని మేము అడుగుతామని ఆయన అనుకున్నట్లున్నారు.

"మౌల్వీ గారూ, పీరియడ్లు మార్చడం నా చేతిలో లేదు. యాజమాన్యం ఒప్పుకోదు," అన్నారు ముందుగానే.

"పీరియడ్లు మార్చవద్దు సార్. భోజన విరామం ఎప్పుడో చెప్పండి, చాలు."

"పన్నెండున్నర నుండి ఒంటిగంటా ఇరవై వరకు."

"ఆ లోపల పిల్లలను తీసుకువెళ్ళి తిరిగి తెచ్చి అప్పగిస్తే మీకు అభ్యంతరమా?"

ఆయన కొంతసేపు ఆలోచించి, తల్లిదండ్రుల సంతకంతో కాగితం తెమ్మన్నారు. తమ వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి రోడ్డు దాటేవరకు తోడు పంపుతానని ఆయనే అన్నారు.

అసలు కష్టం మా మస్జిదు కమిటీలో ఎదురైంది. "మా తాతల నాటి నుండి ఒంటిగంటన్నరే" అన్నారొకరు. "అంగడి కట్టేసి రావడానికి వీలుపడదు" అన్నారు మరొకరు. రెండవ మాట న్యాయమైనదే. చివరకు ఒక మార్గం తోచింది. పట్టణంలోని ఇతర మస్జిదులలో జుమా ఎప్పటి వేళకే జరుగుతుంది, వ్యాపారులకు అక్కడ ఇబ్బంది లేదు. బడికి దగ్గరలో ఉన్న మా చిన్న మస్జిదులో మాత్రం 12:40కి ఖుత్బా మొదలుపెట్టి, ఒంటిగంటకు సలాం తిప్పేద్దామని తీర్మానించారు. ఖుత్బాను క్లుప్తంగా ముగించడం వివేకానికి గుర్తని దైవప్రవక్త (స) బోధించిన సంగతిని గుర్తుచేసి, ఒక పెద్దాయన మా వైపు చూసి నవ్వారు. అరగంటకు తక్కువ కాకుండా మాట్లాడే అలవాటు ఎవరిదో అందరికీ తెలుసు.

మొదటి శుక్రవారం పదిహేడు మంది పిల్లలు వచ్చారు. యూనిఫారం చేతులు పైకి మడిచి వరుసగా వుజూ చేస్తుంటే కొళాయిల దగ్గర చోటు చాలలేదు. టోపీ మరచిన వారికి పెద్దలు తమ జేబురుమాళ్ళు ఇచ్చారు. ఆ రోజు మేము చెప్పిన ఖుత్బా మా జీవితంలోకెల్లా చిన్నది.

అన్నీ చక్కబడ్డాయని చెప్పము. తిరిగి వెళ్ళిన పిల్లలకు అన్నం తినడానికి మిగిలేది పదిహేను నిమిషాలే. పరీక్షల శుక్రవారాలలో ఎవరూ రాలేకపోయారు. దూరంగా ఉన్న బడుల పిల్లలకు ఇంకా ఏ దారీ దొరకలేదు. ఆడపిల్లల మక్తబ్ వేళ గురించి కూడా మళ్ళీ ఆలోచించవలసి ఉంది. పొద్దున బస్సు తొందరలో వారి సబఖే ముందుగా తెగిపోతోంది. ఉదయగిరి వసారాలోని ఆ నాయనమ్మ మాకు తరచు గుర్తుకు వస్తుంది.

కేరళలో కూడా ఈ ప్రశ్న ఉంది. అక్కడ బడికి ముందు ఉదయం మదరసాలు నడుస్తాయి. 2025లో ఉన్నత పాఠశాలల పనివేళను రోజుకు అరగంట పెంచినప్పుడు, మదరసా వేళకు భంగం కలుగుతుందని ఉలమాలు ప్రభుత్వానికి తమ అభ్యంతరం తెలిపారు. హక్కు కోసం అడగవలసిన చోట అడగాలి. అయితే అడిగే ముందు, మన చేతిలో ఉన్నదాన్ని మనం జరిపామా అని కూడా చూసుకోవాలి. పాఠకులైన తల్లిదండ్రులు, మస్జిదు కమిటీల సోదరులు తమ ఊరి బడి భోజన విరామం ఎప్పుడో, తమ మస్జిదు జుమా వేళ ఎప్పుడో ఒక కాగితం మీద పక్కపక్కన రాసి చూడాలని మా మనవి.

ఆ మొదటి శుక్రవారం సాయంత్రం కువైట్ నుండి బాలుని తండ్రి ఫోన్ చేశాడు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక.

"హజ్రత్, నేను జుమాకు గుసుల్ చేసి వచ్చి ఫోన్ చూస్తే, వాళ్ళ అమ్మ మెసేజ్ ఉంది. మావాడు నమాజు చేసేసి బడికి కూడా వెళ్ళిపోయాడట," అన్నాడు. ఆపైన కొంతసేపు అతడు మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేకపోయాము.

అల్లాహ్ మన పిల్లల వేళలలో బర్కత్ ప్రసాదించుగాక! ఆమీన్.