మన జమ్మికుంట స్టేషన్‌కు కావాల్సింది అద్దాలు కాదు

మైకులో ‘భాగ్యనగర్’ అనగానే ప్లాట్‌ఫాం మీద సగం మంది ముందుకు, సగం మంది వెనక్కి ఉరుకుతరు. జనరల్ బోగీ ఎటు ఆగుతదన్నదే పంచాయితీ. ఆగేదేమో కాసేపే! పత్తి మార్కెట్‌తో పేరొచ్చిన జమ్మికుంటకే కాదు, రైలు లేని హుజూరాబాద్‌కూ స్టేషన్ ఇదే. కాజీపేట వైపు కాలేజీకి, కొలువుకు పోయేటోళ్లు నెల పాస్ తీసుకునేదీ ఇక్కడే.

అమృత్ భారత్ కింద తీర్చిదిద్దిన కరీంనగర్ స్టేషన్‌ను 2025 మే 22న ప్రారంభించారు. బాగుంది. కానీ ఢిల్లీ–చెన్నై మెయిన్ లైన్ మీదున్నది మనం కదా!

అద్దాల ముఖద్వారం లేకున్నా నడుస్తది. బోగీలు ఎక్కడాగుతయో చూపే బోర్డులు, ప్లాట్‌ఫాం చివరిదాకా నీడ, రాత్రి బండి దిగినోళ్లకు హుజూరాబాద్ బస్సు కావాలె. బస్సు సంగతి రైల్వేది కాదు, ఆర్టీసీది. అర్జీ పట్టుకొని ముందు హుజూరాబాద్ డిపోకే పోదాం.