ఊరూ పేరూ ఉన్న అలసట

ఆఫీసు అలసటకు ఊరూ పేరూ ఉండవు. సాయంత్రం కుర్చీలోంచి లేచేసరికి తల దిమ్ముగా ఉంటుంది, ఏ పని చేస్తే వచ్చిందో చెప్పలేం. ఎండాకాలంలో స్నేహితుడితో బండి మీద తిరిగొచ్చాక ఒంట్లో చేరే అలసట మాత్రం తన చిరునామా తానే చెబుతుంది.

మొన్న మే నెలలో హైదరాబాదు నుంచి శ్రీశైలం, దోర్నాల, ఆత్మకూరు, నంద్యాల, మహానంది, బెలుం గుహలు తిరిగి కర్నూలు మీదుగా ఇల్లు చేరాం. నా మెడనొప్పి నల్లమల మలుపులది. అమ్రాబాద్ పులుల అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను పోనివ్వరు కాబట్టి, మన్ననూరు గేటు దగ్గర తెల్లవారకముందే పడిగాపులు కాశాం. మే నెలలో నల్లమల చాలామటుకు ఆకు రాల్చేసి ఉంటుంది. పచ్చదనం కోసం వచ్చినవాళ్లు పెదవి విరుస్తారు గానీ, నాకు ఆ అడవే ఇష్టం. ఆకుల చాటు లేక కొండల ఒంపులన్నీ బయటపడతాయి. వానాకాలంలో ఎవరికైనా నచ్చుతుంది లెండి.

తొడల నొప్పి బెలుందే. ఆ గుహల పొడవు 3,229 మీటర్లు. జనాన్ని వెళ్లనిచ్చేది దాదాపు కిలోమీటరున్నర. గుహ కదా, చల్లగా ఉంటుందనుకుని దిగితే లోపల ఒకటే ఉక్క. మెట్లు దిగుతూ, నడుం వంచి దూరుతూ, చెమటతో తడిసి ముద్దయి పైకొచ్చాం. బయట మండుటెండ. అందులో నిలబడి “అబ్బ, ఎంత హాయిగా ఉందిరా!” అన్నాడు మావాడు. రాయలసీమలో మే నెల మధ్యాహ్నం గురించి ఆ మాట అన్నవాడు వాడొక్కడే అయివుంటాడు.

మహానంది కోనేరు ఏ నొప్పీ ఇవ్వలేదు. వేసవిలోనూ ఊట ఆగని నీళ్లు, అడుగున పడ్డ నాణెం కూడా తేటగా కనిపిస్తుంది. అందులో మునిగి లేచాక నంద్యాలలో తాగిన నన్నారి షర్బత్ గొంతు దిగుతుంటే, అప్పటిదాకా తిరిగిన ఎండంతా దానికోసమే అనిపించింది.

“కూర్చునే కదా వచ్చారు, అంత అలుపేమిటి?” అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. బండి మీద కూర్చోవడమంటే ఊరికే కూర్చోవడమా! ప్రతి గుంతకూ ప్రతి మలుపుకూ వెన్ను, మెడ సర్దుకుంటూనే ఉండాలి. ఒంటిని చల్లబరచడానికి చెమట పోస్తూనే ఉంటుంది, వేడిగాలి దాన్ని అక్కడికక్కడే ఆరబెట్టేస్తుంది. ఎంత నీరు పోయిందో మనకే తెలియదు. కళ్లకైతే రోడ్డు మీద క్షణం సెలవు లేదు. మధ్య మధ్య చేతులు మారినా, వెనక కూర్చున్నవాడికి దక్కే విశ్రాంతి అంతంతమాత్రమే.

గాలి హోరులో మాటలు వినబడవు. అందుకని భుజం మీద ఒక తట్టు తడితే టీ, రెండు తడితే వెంటనే ఆపమని. చిన్నప్పటి నుంచీ ఒకరి మాట ఒకరు తెంపుకుంటూ వాదించుకునే మేం, ఈ తట్లతోనే ఊళ్లు దాటేశాం. అలసిన ఇద్దరి మధ్య మర్యాదలు కూడా సన్నగిల్లుతాయి. చివరి రోజు వాడి సీసాలో నీళ్లు అడక్కుండానే తాగేశాను, వాడూ పట్టించుకోలేదు.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దెక్కాక వాడు ఫోన్ చేశాడు. నడుము పట్టేసిందట. “దోర్నాల ఘాట్ అంతా నేనే నడిపాను కదరా, నీకెలా పట్టింది?” అన్నాను. “నువ్వు నడిపావు కాబట్టే!” అన్నాడు.