మెడకు ఆసరా

తలుపుల నుంచి వచ్చిన పెద్దాయన గడ్డం ఛాతీకి ఆనుతోంది. కొడుకు అరచేత్తో ఎత్తితేగాని నా ముఖం చూడలేరు. కండరాలను ఆడించే నరాలు క్షీణించే మోటార్ న్యూరాన్ జబ్బని బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో తేల్చారు.

మెడ విరిగినవారికి వేసే గట్టి కాలరు తొడిగాను. తల నిటారుగా నిలిచిందని సంతోషించాను కూడా. వారం తిరక్కుండానే వచ్చి, "సంగటి మింగుడు పడడం లేదు సార్" అన్నారు. తప్పు నాదే. దవడ బిగిసిపోతే నమలడం, మాట్లాడడం, మింగడం అన్నీ కష్టమే.

మీ ఇంట ఇటువంటి రోగి ఉంటే, కాలరు కొనేముందు తొడిగి అరగంట కూర్చోబెట్టండి. మాట్లాడించండి. ఆయాసం వస్తోందా, చర్మం కందిందా చూడండి. తినేటప్పుడు పొలమారుతుంటే డాక్టరుకు చెప్పండి. స్పాంజి కాలరు హాయిగానే ఉంటుంది గాని, బరువుగా వాలే తలను ఆపలేదు. ఇంగ్లండులోని షెఫీల్డులో మెత్తని పట్టీకి కావలసినచోట ఊతలు అమర్చే కాలరు తయారుచేశారు.

ఆ పెద్దాయన ఇప్పుడు బస్సులో, నడకలో మాత్రమే కాలరు పెట్టుకుంటారు. భోజనం వేళ కొడుకు అరచెయ్యే ఆసరా.