వనం లేని వనభోజనం

కార్తిక మాసం ప్రవేశించగానే తెలుగు నేలమీద తోటలనుండి పిలుపు వస్తుంది. ఉసిరిక చెట్టును పూజించి, దాని నీడనే వండుకొని, అందరూ ఒకే పంక్తిలో కూర్చుండి భుజించడం మన పెద్దలు ఏర్పరచిన ఆచారం. వానలు వెనుకబట్టి, చలి ఇంకా ముదరని ఆ రోజులలో ఒక పూట ఇల్లు విడిచి ఆరుబయట గడపడానికి అంతకంటె మంచి అదను లేదు. ఒమాన్ దేశపు దక్షిణ కొసన, రైసూత్‌లో నివసించే మాకు ఆ పిలుపు వినబడుతూనే ఉంటుంది గాని, ఉసిరిక తోట కనబడదు. కనబడేది సముద్రం. అందుచేత 2025 కార్తికంలో మా వనభోజనాన్ని సముద్రతీరాన, ఒక రాత్రి గుడారాలలో బసచేసి జరుపుకోవాలని నిశ్చయించుకొన్నాము. ఆ ఏర్పాట్లలో మేము తర్కించుకొన్న సంగతులు ఇతర దేశాలలోని తెలుగువారికి కూడ ఉపకరించవచ్చునని ఇక్కడ వ్రాస్తున్నాము.

మొదటి ప్రశ్న కాలం. రైసూత్ సలాలా నగరానికి పడమట ఉన్న రేవు ప్రాంతం. జూన్ చివరినుండి సెప్టెంబరు మూడవ వారం వరకు ఇక్కడ నైరుతి గాలులు వీస్తాయి. కొండలు పొగమంచులో మునిగి, సన్నని తుంపరకు పచ్చబడతాయి. దీనిని ఇక్కడివారు ఖరీఫ్ అంటారు. అరబ్బీలో శరత్తు అని అర్థమున్న ఈ మాటే మన రైతు నోట పంటకాలం పేరై నిలిచింది. ఆ నెలలలో సముద్రం భీకరంగా ఉంటుంది. కార్తికం నాటికి తుంపర ఆగి, గాలి నెమ్మదించి, ఆకాశం తేటపడుతుంది. అంటే మన పంచాంగం చూపిన అదనే ఈ తీరానికి కూడ అదను.

అయితే ఆ అదనును గుడ్డిగా నమ్మరాదు. 2018 మే 25న మెకును తుపాను రైసూత్ సమీపాననే తీరం దాటింది. అదే ఏడాది అక్టోబరులో అరేబియా సముద్రంలో లుబాన్, బంగాళాఖాతంలో తిత్లీ ఒకేసారి రేగాయి. తిత్లీ 11వ తేదీన పలాస వద్ద తీరం దాటి ఉద్దానపు కొబ్బరి తోటలను కూల్చింది. లుబాన్ 14న పొరుగున ఉన్న యెమెన్ తీరాన్ని తాకింది. మాలోని శ్రీకాకుళం జిల్లావారికి అటు ఇల్లు, ఇటు కొలువు రెండూ ఒకే వారంలో గాలివాత పడ్డ రోజులవి. కనుక బయలుదేరడానికి ముందు మూడు రోజులు వాతావరణ శాఖ ప్రకటనలు చూడాలనీ, హెచ్చరిక ఏదైనా ఉంటే మారుమాట లేకుండ మానుకోవాలనీ మా మొదటి కట్టుబాటు.

తేదీ విషయం కొంత చిక్కు తెచ్చింది. 2024లో కార్తిక పౌర్ణమి నవంబరు 15న, ఇక్కడి సెలవు దినమైన శుక్రవారమే వచ్చింది. 2025లో అది నవంబరు 5, బుధవారం. పౌర్ణమినాడే జరపాలని కొందరు పట్టుబట్టారు. బుధవారం జరిపితే రేవులోనూ పారిశ్రామిక వాడలోనూ పనిచేసేవారు రాలేరు. తిథి రెండు రోజులు జరిగినా చంద్రుడు ఉంటాడు. మనుషులు లేకపోతే పంక్తి ఉండదు. ఈ మాటతో అందరూ సమాధానపడి, గురువారం సాయంత్రం వెళ్ళి శుక్రవారం మధ్యాహ్న భోజనమైన తరువాత తిరిగి రావాలని నిర్ణయించారు.

ఇక స్థలం. రైసూత్ నుండి పడమరగా అరగంట ప్రయాణంలో ముగ్సైల్ తీరం ఉంది. తెల్లని ఇసుక, దాని కొసన మర్నీఫ్ గుహ, రాతి రంధ్రాలగుండా పైకి ఎగజిమ్మే సముద్రజలం చూడవలసినవే. ఆ పక్కన ముగ్సైల్ ఖోర్ అనే మడుగు ఉంది. ధోఫార్ తీరంలోని ఇటువంటి మడుగులను 1997లో రక్షిత ప్రాంతాలుగా ప్రకటించారు. వలస పక్షులు దిగే ఆ మడుగుకు దూరంగా, వాగు దారిలో పడకుండ, పోటు నీరు వదలిన నాచు గీతకు బాగా ఎగువన గుడారాలు వేయాలి. పౌర్ణమి దాటిన రోజులలో పోటు మామూలుకంటె ఎత్తుగా వస్తుందని బెస్తవారెరిగిన సంగతే. ఇసుకలో మామూలు మేకులు నిలువవు గనుక, సంచులలో ఇసుక నింపి పాతి, వాటికి తాళ్ళు కట్టాలి.

అన్నిటికంటె ఎక్కువ తర్జనభర్జన సముద్రస్నానంపై జరిగింది. 2022 జూలైలో ముగ్సైల్ వద్ద రక్షణ కంచె దాటినవారిని అలలు లాగుకొనిపోయాయి. వారిలో పిల్లలు కూడ ఉన్నారు. ఆ వార్త ఇక్కడి భారతీయులలో ఎవరూ మరువలేదు. నవంబరులో అల తగ్గినా, అడుగున లోపలికి లాగే నీరు పైకి కనబడదు. కుమారుని ఇంటికి వచ్చిన ఒక పెద్దమ్మగారు మాత్రం ఒప్పుకోలేదు. “కార్తికంలో సముద్రం దగ్గరికెళ్ళి మునక్కుండా రావడమేటి బాబూ?” అన్నారు. “పెద్దమ్మగారూ, బారువలో మీరెరిగిన సముద్రం వేరు, ఇది వేరు” అని రేవు ఉద్యోగి ఒకరు అలల తీరు వివరించి చెప్పారు. ఆమె చాలసేపు మాట్లాడలేదు. చివరకు, “అయితే చెంబుతో తెచ్చి నెత్తిన జల్లండి. పిల్లల కంటె పుణ్యమేటి?” అన్నారు. ఆ మాటే మాకు శాసనమైంది. ఈత నేర్చిన ఇద్దరు పెద్దలు, నడుముకు తాడు కట్టుకొని, పగటివేళ తెచ్చిన బిందెడు నీటితోనే అందరికీ ప్రోక్షణ. పిల్లలు అల అంచుకు వెళ్ళరాదు. గుంపుకు ఒకరు చొప్పున కాపు ఉంటారు.

ఈ తీరాన మనవారు బసచేయడం కొత్త కాదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు గ్రీకు నావిక గ్రంథం పెరిప్లస్ మన మచిలీపట్నం ప్రాంతాన్ని మసలియా అని పేర్కొన్నది. ఈ ధూపద్రవ్యపు తీరాన్ని గూడ అదే వర్ణించింది. భారతదేశపు రేవులనుండి ఆలస్యంగా వచ్చిన ఓడలు చలికాలమంతా ఇక్కడ ఆగి, తాము తెచ్చిన వస్త్రాలు, గోధుమలు, నువ్వుల నూనె ఇచ్చి లుబాన్ పుచ్చుకొనేవని అందులో ఉంది. సలాలాకు తూర్పున ఖోర్ రోరీ వద్ద, నాటి సుమ్‌హురం రేవు శిథిలాలలో భారతీయ కంచు ప్రతిమ ఒకటి, తమిళ బ్రాహ్మి అక్షరాలున్న కుండపెంకు ఒకటి దొరికాయి. ఆ శిథిలాలు 2000లో ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికలో చేరాయి. గాలి తిరిగేవరకు ఇక్కడ కాచుకొన్న ఆ నావికులు ఇంటి వంట వండుకొనకపోయి ఉంటారా అని మాలో మేము అనుకొన్నాము. మా సామానుల జాబితాలోనూ నువ్వుల నూనె ఉంది; దీపాలకు.

వంటకాలలో రాత్రికి పులిహోర, దద్దోజనం. మరునాటికి కంద బచ్చలి కూర, గుత్తివంకాయ, ముద్దపప్పు, ఉసిరి పచ్చడి, సున్నుండలు. ఉల్లి, వెల్లుల్లి లేవు. మనిషికి 5 లీటర్ల చొప్పున నీరు. ఇక్కడ చెట్టు కొమ్మ నరకరాదు గనుక గ్యాసు పొయ్యి, గాలికి అడ్డుగా రేకులు. ఒకరి ఇంట కుండీలో పెరుగుతున్న ఉసిరి మొక్కయే మా వనం. సలాలా తోటల అరటి ఆకులే విస్తళ్ళు. దీపాలను నీట వదలక, ఇసుకలో గుంట తీసి పెడతాము. ప్లాస్టిక్ సంచి ఒక్కటి కూడ వెనుక మిగలరాదు. తీరాన తిరిగే ఒంటెలు వాటిని మింగి ప్రాణంమీదికి తెచ్చుకొంటాయి.

ఈ ఏర్పాట్లు విని, కార్మికుల వసతిలో ఉండే గోదావరి జిల్లా యువకుడొకడు నవ్వి, “మేం ఏడాదంతా క్యాంపులోనే ఉంటున్నాం కదండీ!” అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు. అయినా మేమంతా కాసేపు మౌనంగా ఉండిపోయాము. ఒక గదిలో పలువురు సర్దుకొని, భార్యాబిడ్డలను ఫోనులో చూసుకొనేవారికి గుడారం వినోదం కాదు. వారికి కరువైనది ఒకరు కొసరి వడ్డించే అన్నం. వనభోజనానికి వనంకంటె పంక్తి ముఖ్యమని మాకు తోచింది అప్పుడే. అందుకే చందా ఎత్తివేశాము. ప్రతి కుటుంబం తమవారికి గాక మరి ఇద్దరికి వండి తేవాలి. తమ వాహనంలో ఆ ఇద్దరినీ ఎక్కించుకొని రావాలి. పంక్తిలో వారిని తమ పక్కన కూర్చుండబెట్టుకోవాలి. రాత్రిపూట పని ఉన్నవారికోసం శుక్రవారం ఉదయం ఒక వాహనం రైసూత్‌కు తిరిగి వస్తుంది.

మా జాబితాలో చివరి పద్దు అరటి ఆకులు. వస్తామని చెప్పినవారి సంఖ్యకంటె పది ఎక్కువ తేవాలని వ్రాసుకొన్నాము.