నాయనమ్మ దుప్పటికి కత్తెరా?

మా అమ్మాయి హైదరాబాదులో ఫ్యాషన్ డిజైనింగు ఆఖరి సంవత్సరం చదువుతోంది. మొన్న సంక్రాంతికి విజయవాడ వచ్చి, నోట్లో అరిసె ఉండగానే, "అమ్మా, తాతమ్మ దుప్పటి ఇవ్వవా? కత్తిరించి జాకెట్లు కుడతాను" అంది. ఆ పూటంతా దానితో మాట్లాడలేదు నేను. మీరైతే మాత్రం ఏం చేస్తారు చెప్పండి?

ఆ దుప్పటి కథ చెప్పాలి మీకు. మా నాయనమ్మ పుట్టిల్లు బందరు దగ్గర. పెళ్లయ్యాక భర్తతో రంగూన్ వెళ్లింది. మన పెద్దవాళ్లు "రంగం వెళ్లారు" అనేవారే, అదే. రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ మనవాళ్లు బోలెడుమంది ఉండేవారట. కోరంగి రేవు నుంచి ఓడల్లో వెళ్లడం వల్ల తెలుగువాళ్లను అక్కడ కోరంగీలనే పిలిచేవారట. మా తాతగారు ఒక మిల్లులో గుమాస్తా. నాయనమ్మ సారెలో పెట్టిన పెడన అద్దకం దుప్పటి ఆమెతోపాటు సముద్రం దాటింది.

1941 డిసెంబరు 23న జపాను వాళ్లు రంగూన్ మీద బాంబులు వేశారు. నాలుగైదు లక్షలమంది మన దేశానికి బయల్దేరారు. డబ్బున్నవాళ్లకు ఓడలు, లేనివాళ్లకు కాళ్లు. ప్రోమ్ నుంచి కొండలు దాటి సముద్రపు ఒడ్డుకు, అక్కడినుంచి పడవల్లో చిట్టగాంగుకు. దారి పొడుగునా కలరా. మా నాన్నకు అప్పటికి ఏడాది. నాయనమ్మ ఆ దుప్పటిలోనే ఆయన్ని వీపుకు కట్టుకుని నడిచింది. ఎలా కట్టుకుందో మాకు చేసి చూపించేది కూడా. ముడి పడిన చోట ఎర్రపూలు ఇప్పటికీ వెలిసిపోయి ఉంటాయి. పోయేముందు దాన్ని నా చేతిలో పెట్టింది.

"బీరువాలో పురుగులు తింటే ఫరవాలేదు కాబోలు" అంది మా పిల్ల. కడుపులో దేవినట్టయింది. అది అన్నది అబద్ధమూ కాదు మరి. తరవాత తనే దగ్గర కూర్చుని ఏవో బొమ్మలు చూపించింది. హాలండులో హిండెలోపెన్ అనే ఊళ్లో ఆడవాళ్లు ఒకప్పుడు మన కోరమాండల్ తీరపు పూలబట్టలతో పొడుగు కోట్లు కుట్టించుకునేవారట. ఈ బట్టల మోజు తట్టుకోలేక, తమ నేతగాళ్లు చితికిపోతున్నారని ఇంగ్లండు 1721లో నూలు అద్దకం బట్టలు కట్టుకోకూడదని చట్టమే చేసిందట. మన పూలబట్టకు అంత భయమా అని నాకు నవ్వొచ్చింది. ఇంటర్లో మాకివేవీ చెప్పలేదు.

ఆఖరికి మా నాన్ననే అడుగుదామని గుడివాడ వెళ్లాం. ఆయన తమ్ముడి దగ్గర ఉంటున్నారు. దుప్పటి ఒళ్లో పరుచుకుని, పక్కవారగా ఒక అంచు తడిమి, "ఇక్కడ బోర్డరు లేదు చూశావా?" అన్నారు. ఎలకలు కొరికితే నాయనమ్మ మడిచి కుట్టిందనుకున్నాను ఇన్నాళ్లూ.

"కాదే. దారిలో ఎవరో తమిళావిడ బిడ్డ పోయింది. కప్పడానికి గుడ్డ లేదు. మీ నాయనమ్మ జానెడు వెడల్పున చింపి ఇచ్చింది."

నాకెప్పుడూ చెప్పలేదు నాయనమ్మ. నడక గురించి, ముడి గురించి ఎన్నిసార్లు చెప్పిందో! ఇది మాత్రం కొడుక్కే చెప్పుకుంది.

"నీ ఇష్టం తల్లీ, కత్తిరించుకో" అన్నారు నాన్న మనవరాలితో. అది దుప్పటి మడిచి నా చేతికిచ్చేసింది.

మర్నాడు బందరు రైలెక్కి పెడన వెళ్లాం. ఇప్పుడక్కడ చాలావరకూ స్క్రీన్ ప్రింటింగే. వెతగ్గా వెతగ్గా చెక్క అచ్చులతో అద్దే పెద్దాయన దొరికారు. దుప్పటి మీది పువ్వు చూసి టేకు అచ్చు చెక్కించారు. గుడ్డను కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. ఇనుపతుక్కు, బెల్లం కలిపి నానేసిన నీళ్లతో నలుపు గీతలు పడతాయి. పటిక అద్దినచోట ఏ రంగూ కనిపించదు, రంగు వేళ్లతో కాచినప్పుడే ఎరుపు బయటపడుతుంది. మన వంటలోలాగే, పొయ్యి మీదే అసలు సంగతి! మా పిల్ల ముడి పడాల్సిన చోట పటిక పలచగా కలిపి వేయించింది. అక్కడ పూలు వెలిసినట్టే వచ్చాయి. ఒక పక్క బోర్డరు వద్దంది. పెద్దాయన "దోషంగా ఉంటుందమ్మా" అని రెండుసార్లు అన్నారు. అది వినలేదు.

మీ ఇళ్లలోనూ ఇలాంటి పాతబట్టలుంటే పాలిథిన్ కవర్లలో పెట్టకండి. ఉతికిన తెల్ల పంచెలో చుట్టి, పక్కన ఎండిన వేపాకు, వసకొమ్ము ఉంచండి. రెండు మూడు నెలలకోసారి మడత మార్చకపోతే మడత దగ్గరే చిరుగుతాయి. కలంకారీని ఎండలో మాత్రం ఆరేయకండి.

కాలేజీ ప్రదర్శనకు నాన్న రాలేకపోయారు. ఫోనులో వీడియో పెట్టి చూపించాం. మా పిల్ల ఆ కొత్త గుడ్డను భుజం మీదుగా చుట్టి ముడి వేసుకుని నిలబడింది. నాన్న కళ్లజోడు తుడుచుకుని కాసేపు చూశారు.

"ఎడమవైపు కాదమ్మా" అన్నారు. "మా అమ్మ కుడి భుజం మీద వేసేది."